ముప్పై ఏడు గాజు పలకలు

నేను పడవవాణ్ణి. వైద్యం నాకు తెలీదు.
నెలకోసారి, మూడో మంగళవారం,
చిలోయే వెనకాల, పటంలో ఈగంత దీవికి
మంత్రసాని ఇవోన్‌ని, ఆమె మడత బల్లని,
బీపీ మిషన్ని దించేది మాత్రం నేనే.

వానలో, చెక్క రేవు మీద
అప్పటికే నిలబడి ఉంటారు ఆడవాళ్లు.
సముద్రపు నాచు ఏరి ఏరి పాలిపోయిన వేళ్లు,
ఉన్ని టోపీలు, రబ్బరు బూట్లు.
ఎందుకొచ్చారో ఒక్కరూ అనరు.
డీజిల్ ధర ఎంతుందని నన్నడుగుతారు.

తొమ్మిదేళ్ల అయెలెన్‌కి బడిలోనే సూది వేశారు.
దూది అంటించిన జబ్బని పతకంలా చూపించింది.
పెద్దయ్యాక రావాలనుకునే జబ్బుకట,
ఇప్పుడే గడియ పెడుతున్నారట.
మొన్న పాతికేళ్లు నిండిన యెస్సేనియా
మొదటిసారి తెర వెనక్కి వెళ్లి
జత కుదరని మేజోళ్లతో బయటికొచ్చి
"ఇంతేనా!" అంది,
వరసలో చివరి మనిషికి కూడా వినపడేలా.

యాభై దాటినవాళ్లని కాస్త్రో దాకా నేనే తీసుకెళ్తాను.
అక్కడ రొమ్ముని రెండు పలకల మధ్య
రొట్టెపిండిలా అదిమి ఫోటో తీస్తారట.
వెళ్లేటప్పుడు పడవలో ఇంజను ఒక్కటే మాట్లాడుతుంది.
వచ్చేటప్పుడు వాళ్ల నవ్వులకి ఇంజను వినపడదు.
నేను నీళ్లకేసి చూస్తూ ఉంటాను. మగాణ్ణి కదా.

రోసెందా చిగ్వాయ్ మాత్రం
పదకొండేళ్లు రానంది.
"నలుగుర్ని కన్నాను, దీపం ఆర్పే కన్నాను.
నొప్పి లేని ఒంటిని తవ్వడమెందుకు?"
ఇవోన్ వాదించదు. ప్రతి మంగళవారం
ఆ ఇంటి కంచె దగ్గర ఆగి, మేకల్ని అడిగి, వచ్చేస్తుంది.

నాకొక మాట నాలిక చివర ఆడేది.
ఏటా చలికాలం ముందు పడవని బోర్లించి
వేలి కణుపుతో అడుగంతా తట్టి వింటాను.
పుచ్చిన చెక్క నొప్పి అనదు,
చప్పుడు మారుతుంది, అంతే.
కానీ ఆడమనిషితో ఆ పోలిక ఎలా అంటాం?
అనలేదు.

అరవై ఒకటో ఏట, ఎవరూ పిలవని రోజున,
రోసెందా తనే వచ్చింది.
ఆ సాయంత్రం నా కాళ్ల మధ్య పెట్టెలో
ముప్పై ఏడు గాజు పలకలు, మీద పెన్సిల్ పేర్లు.
జలసంధి మధ్యలో ఉత్తరపు గాలి తిరగబడింది.
చుక్కాని పట్టుకోనా, పెట్టె పట్టుకోనా?
చుక్కానే పట్టుకున్నాను.

వారానికి ఫోన్ వచ్చింది:
ఒక్కటి పగిలింది, మళ్లీ తీయాలి.
పేరు అడక్కముందే నాకు తెలిసిపోయింది.

ఇవోన్ తను చెబుతానంది.
పగలగొట్టింది నేను. నేనే వెళ్లాను.
కంచె బయట టోపీ తీసి, వానలో నిలబడి,
మొత్తం చెప్పాను, తలెత్తకుండా.
పదకొండేళ్లు పట్టిన పనిని
ఒక్క అల ఎలా మింగిందో.
ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది.
"తడిసిపోయావు, పో" అంది.

మరుసటి నెల వరసలో మొదట తనే.
పని కాగానే, నన్ను అడక్కుండా, పడవెక్కింది.
పెట్టె ఒళ్లో పెట్టుకుని
పొదిగే కోడిని పట్టినట్టు రెండు చేతులా చుట్టింది.
కాస్త్రో వరకు రెండు గంటలు.
గాలి లేదు ఆ రోజు. అయినా వదల్లేదు.
అందరి పేర్లూ ఆమె ఒళ్లోనే దాటాయి సముద్రం.

కాగితం రావడానికి ఆరు వారాలు.
రేవు మీదే చింపింది, చదివింది,
మడిచి బూటులో దోపుకుంది.
మొహం చూసి ఏమీ పోల్చుకోలేకపోయాను.
"మూడేళ్లకి మళ్లీ రమ్మన్నారు" అంది తాపీగా.
అప్పుడు వదిలాను, పట్టి ఉంచిన ఊపిరి.

"అప్పటికి నీ పడవ ఉంటుందా?"
అని వంగి,
పడవ పక్కని వేలి కణుపుతో తట్టి,
చెవి పెట్టి
వింది.