ఒక్క కాలు తడి

రాత్రి పన్నెండున్నరకు
వరంగల్ అండర్ బ్రిడ్జి కాడ చెయ్యెత్తింది.
ఎండకాలం. ఎనుమాముల దిక్కు నుంచి మిర్చి ఘాటు,
లారీలోళ్లు తుమ్ముకుంట టైర్లకు గాలి కొట్టిస్తున్నరు.
ఆమె భుజం మీద నల్ల గొంగడి,
గొంగట్ల గొర్రెపిల్ల.
ఏడికి అంటే
"అవతలి ఒడ్డుకు" అన్నది.

తాగినోళ్లు ఇంతకంటే వింత అడ్రసులే చెప్పిండ్రు నాకు.
మీటరేసిన.
అద్దంల గొర్రెపిల్లే కనవడ్డది, నా దిక్కే చూస్తున్నది.
వెనుక రబ్బరు చాప మీద
ఒక్క పాదం నీళ్లు.
ఎడమది. కుడిది పొడి.

పోచమ్మమైదాన్ దాటినంక అడిగింది:
"నువ్వు ఓదెలు మనవడివి గదా."

మా తాత ఒగ్గు పడితే
దేశాయిపేట గల్లీల కుక్కలు సుత కూసుండి వినేటియి.
ఏడు రాత్రుల కథ ఆయనది, ఇంకెవ్వరికి రాదు.
నాలుగో రాత్రి
రాజవ్వ ఏట్ల ఎడమకాలు పెట్టింది,
తాతకు దగ్గొచ్చింది.
తాళం ఆపి "మిగతాది రేపు" అన్నడు.
రేపు, ఎంజీఎం దవాఖాన.
ఎల్లుండి, బొంద.

ఆ రాత్రి నేనేం జేసిన్నో చెప్పనా?
టెంటు ఎనుక, చెవులల్ల ఇయర్‌ఫోన్లు,
డీజే పాట.

"పదకొండేండ్లాయె" అన్నది.
"ఏరు నా మడిమె కాడ ఆగింది, పారదు.
ఈ పిల్ల పెరగదు.
అవతల ఒకడు నోరు తెరిచి నిలవడ్డడు, పిలుపు బయటికి రాదు.
మీ పోలీసులు ఆధార్ అడుగుతరు,
ఓదెలు నోట్లె పుట్టిన అంటే నవ్వుతరు.
మిల్లు పడగొట్టిన జాగల కొన్నాళ్లు పండుకున్న.
రాజుగారి గుర్రం సుత ఆడనే ఉన్నది,
ముందటి కాలు ఎత్తింది ఎత్తినట్టే.
ప్లాట్ల రాళ్ల నడుమ
జనం దాన్ని బొమ్మ అనుకుంటున్నరు."

కథ నాకు రాదు అన్న.
"రాదు గని, వస్తది" అన్నది.

ఇంటికి పోయి అటకెక్కిన.
ఒగ్గు దొరికింది, పాత కుక్కర్ డబ్బల.
తోలు మెత్తవడ్డది, కొడితే
తడిసిన అట్ట లెక్క చప్పుడు.
తాత అయితే గడ్డి మంట పెట్టి కాపుతుండె.
ఈ గల్లీల గడ్డి ఏది?
ఆటో స్టార్ట్ చేసి
సైలెన్సర్ పక్కన పట్టుకున్న,
వేలు కాలే దాక.

టం.
వీధిలైట్లు ఒక్కసారి లోపటికి ఊపిరి గుంజుకున్నయి.
ఎదురింటి ఏసీ ఆగింది.
కుక్కలొచ్చి కూసున్నయి, తాతనాటి కుక్కల మనవలు.
నా నోట్లెకెళ్లి ముందు తాత దగ్గు వచ్చింది,
ఆ తర్వాత మాట:
"ఇగ ఏమైతున్నది, అవ్వలాలా, అయ్యలాలా..."

"ఊఁ" అన్నది ఆమె, వెనుక సీట్ల నుంచి.

కుడికాలు లేపించిన.
నీళ్లు మోకాలికొచ్చినయి, నడుముకొచ్చినయి.
ముంచుదామంటే మనసు రాలె.
దాటిద్దామంటే
అవతల నిలవడ్డోడు ఎసొంటోడో తెల్వదు.
ఆమెనే అడిగిన.
"వాని మొఖం మీ తాత
ఐదో రాత్రికి దాసిపెట్టిండు" అన్నది.

ఏం జేయాలె?
ఏరుతోనే మాట్లాడిచ్చిన.
ఏ గుట్టల పుట్టింది, ఎవల బట్టలు ఉతికింది,
ఏ కరువుల సిగ్గుపడి ఇసుక కప్పుకున్నది,
అది చెప్పుకుంట పోతనే ఉన్నది, ఒడువలే.
నాలుగున్నరకు కాజీపేట దిక్కు రైలు కూసింది.
నాకు దగ్గొచ్చింది.
"మిగతాది రేపు" అన్న.
అన్నంక తెలిసింది, ఏమన్ననో.

ఆమె దిగింది.
దుమ్ముల రెండు పాదాలు, రెండూ పొడి.
గొర్రెపిల్ల ఒక్కసారి అరిచింది,
కొంచెం బొంగురు గొంతు, అప్పుడే పెరుగుతున్నట్టు.
కిరాయి అడగలే.

పొద్దుగాల ఆటో కడిగి లోపటికొస్తే
బ్రేకు తొక్కే నా కుడికాలు
మడిమె దాక తడి.
అమ్మ తువ్వాల ఇచ్చింది.
తుడిచిన.
మల్ల తడి.