పట్టీ కట్టకుండా

మొదటిసారి నలుగురం పట్టుకున్నాం వాణ్ణి.
తండ్రి కాళ్ళు, నేను మోచెయ్యి,
వార్డు ఆయా భుజాలు,
తల్లి వాడి తలని ఒళ్ళో అదుముకుని
కళ్ళు మాత్రం గట్టిగా మూసుకుంది.
రెండు మిల్లీలీటర్ల రక్తం
మంచుముక్కల మధ్య కూర్చుని ల్యాబ్‌కి వెళ్ళి
అంకెగా తిరిగొచ్చింది:
మూడు పాయింట్ తొమ్మిది.

డాక్టర్ వాజ్ కళ్ళజోడు నుదుటి మీదకి తోసి
"దీన్ని నమ్మలేం, దెవొలిందా" అన్నాడు.
"ఏడ్చి పెనుగులాడిన కండరం, పరుగు తీసిన కండరం ఒకటే.
ఇది జబ్బు చేసిన లాక్టేటో, భయం చేసిన లాక్టేటో
కాగితానికి తెలీదు."

ముప్ఫై ఏళ్ళు ఈ తెర్సైరా దీవిలో సూది పట్టినదాన్ని.
చేపల వలలకి కోసుకుపోయిన చేతులు,
ఆవుల పొదుగులకి అలవాటుపడ్డ చేతులు,
చీకట్లో అయినా నరం దొరికించుకునేదాన్ని.
ఒక అంకెలో నా పిడికిలి కూడా కలిసి ఉంటుందని
ఆ రోజే తెలిసింది.

వాడి పేరు గాస్పర్. ఏడేళ్ళు.
మాటలు పదకొండు, తల్లి లెక్క ప్రకారం.
అందులో మూడు యంత్రాల పేర్లు.
ఆరు మెట్లెక్కి ఏడో మెట్టు మీద కూర్చుండిపోతాడు,
మొండితనం కాదు, ఎవరో లోపల దీపం తగ్గించినట్టు.

పక్క దీవి నుంచి పడవలో వచ్చారు మళ్ళీ.
ఎవరిస్తు చీజ్ ఫ్యాక్టరీలో పనివాడు,
చొక్కా మార్చినా పాలవాసన మారదు.
నాకు తెలిసినంతలో చెప్పాను:
ప్రతి కణంలోనూ చిన్న పొయ్యిలుంటాయి,
అవి సరిగా మండకపోతే
ఒక పులుపు మిగిలిపోతుంది రక్తంలో.
"పాలు పులిస్తే వచ్చేదేనా?" అన్నాడు.
దాని చుట్టమే అన్నాను.
అతను నవ్వలేదు.

ఇల్దారియా అడిగింది: "ఆ పొయ్యిలు ఎవరిచ్చినవి?"
నేను నోరు మూసుకోవాల్సింది.
"తల్లి నుంచి వస్తాయి."
వాటి తయారీలో ఇద్దరి వాటా ఉందని
డాక్టర్ తర్వాత ఎంతో సర్దిచెప్పాడు గానీ
ఆవిడ మొదటి మాట దగ్గరే ఆగిపోయింది.
చాలాసేపటికి, గోడతో అన్నట్టు:
"మా అమ్మమ్మ పాలక్యాన్లు నెత్తిన పెట్టుకుని
కొండెక్కేది, రోజుకి రెండుసార్లు.
ఆ నిప్పే కదా, మరి?"

నా దగ్గర జవాబు లేదు.
రబ్బరు పట్టీ తీశాను, కట్టబోయాను.
ఎవరిస్తు నా చెయ్యి ఆపాడు.
"పాలల్లో తోడు వేశాక కుండ కదపకూడదమ్మా.
కదిపితే విరిగిపోతుంది.
తొందరపడే మేస్త్రీని మేం పనిలో ఉంచుకోం."

అందుకని పట్టీ సొరుగులో పడేశాను.
సెంట్రిఫ్యూజ్ ఖాళీగా తిప్పి వదిలాను.
గాస్పర్ బల్ల మీద చెంప ఆనించి విన్నాడు.
కాసేపటికి అదే శ్రుతిలో మూలగడం మొదలెట్టాడు,
యంత్రం ఆగితే వాడూ ఆగాడు,
తిప్పితే వాడూ తిరిగాడు.
గంటా ఇరవై నిమిషాలు.
బయట పడవ మొదటి కూత వేసింది.
ఎవరూ లేవలేదు.

తర్వాత వాడే చెయ్యి చాపి మూత మీద పెట్టాడు.
చొక్కా మోచేతి దాకా జారింది.
నేను పట్టుకోలేదు.
సూది లోపలికి వెళ్తుంటే
ఒక మరను చూసినట్టు శ్రద్ధగా చూశాడు.
పట్టీ లేని రక్తం తొందరపడదు,
ఒక్కో చుక్కా ఆలోచించుకుని వచ్చింది.

రెండు పాయింట్ రెండు.
"హద్దు మీద ఉంది" అన్నాడు డాక్టర్ వాజ్.
అవునని కాదు, కాదనీ కాదు.
మూడు నెలలకి మళ్ళీ రమ్మన్నాడు.
రెండో పడవకి వెళ్ళిపోయారు వాళ్ళు.

రాత్రి రిజిస్టర్ రాస్తూ తీసివేత చేశాను.
ఒకటి పాయింట్ ఏడు.
అది వాడి కణాలది కాదు, ఇల్దారియా అమ్మమ్మదీ కాదు.
నలుగురి చేతులది.
రిపోర్టులో దానికి గడి లేదు.