పిండి మంచు

మా బడికి పునాదులు లేవు.
రెండు ట్రక్కుల్లో వచ్చి, పొద్దుగూకేలోపు నిలబడుతుంది:
గుండ్రటి ఉన్ని గుడారం, నడుమ ఇనుప పొయ్యి,
నారింజ రంగు తలుపు దక్షిణానికి.
వేసవిలో మూడు వారాలు. ఆ పైన
గొర్రెలు ఎటు పోతే పిల్లలూ అటే.

నేను వంటమనిషిని. పాఠాల సంగతి నాకు తెలీదు.
పిండి పిసుకుతూ చూస్తుంటానంతే.

ఇరవై రెండు మంది. అంతా ఐదేళ్ల లోపు పెద్దమనుషులు.
ముక్కు చీదడం రాదు గాని
వేలు తడిపి పైకెత్తి గాలి ఎటు తిరిగిందో చెబుతారు.
నరంగెరెల్ టీచర్ పట్నం నుంచి అట్టపెట్టె నిండా బొమ్మలు తెచ్చింది,
ప్లాస్టిక్ అరటిపళ్ళు, ఓ రైలు.
రైలుకి జీను వేశారు. అరటిపండు ఫోనయింది.
మూడో రోజుకి అందరూ గొర్రె మడమ ఎముకల దగ్గరికే చేరారు.

వీపు పైకి పడితే గొర్రె, గుంట పైకి పడితే మేక,
పక్కకి నిలిస్తే గుర్రం, ఇంకో పక్కకి ఒంటె.
ఒంటె పడాలని మ్యాగ్మర్ వేలితో తోస్తాడు.
"తొండి! తొండి!"
ఉయంగ కేకకి పొయ్యి మీద మూత అదురుతుంది.
పంచుకోవడం, పోగొట్టుకోవడం,
ఓడిపోయాక కూడా టీకి పక్కపక్కనే కూర్చోవడం,
ఇవన్నీ ఏ గంటలో చెప్పారో నేను వినలేదు.

ఇడెర్ మాత్రం పదకొండు రోజులు ఉలకలేదు, పలకలేదు.
తలుపు పక్కన, బూట్ల వరస దగ్గర
ఒక గులకరాయి ఇల్లు. దాని చుట్టూ ఎముకల మంద.
తోలుకెళ్తాడు, తోలుకొస్తాడు.

పన్నెండో రోజు నా పిండి గిన్నెలో
చిన్న గుప్పెడంత గుంట.
ఎవరని అడిగేలోపే చూశాను,
వాడు మంద మీద పిండి చల్లుతున్నాడు.
నెమ్మదిగా, జల్లెడ పట్టినట్టు,
ఒక్క వీపూ కనబడకుండా.

ఆ చలికాలం మాకందరికీ తెలుసు.
గడ్డి మీద ఇనుప మూతలా బిగిసిన మంచు,
తెల్లారి తలుపు తెరవడానికి పెద్దవాళ్ళే జంకిన రోజులు.
టీచర్ కలం ఆగింది. నా చేతులూ ఆగాయి.

"తూచ్! మంచు చెల్లదు," అన్నాడు మ్యాగ్మర్.
ఇడెర్ తల అడ్డంగా ఊపాడు.
ఉత్తుత్తి ఆటలో కూడా కొన్నింటికి తూచ్ లేదు.

ఉయంగ మోకాళ్ల మీద కూలబడి, టీ చెంచాతో తవ్వింది.
ఒకటి తీసి, ఊది, చెవికి ఆనించుకుంది.
"దీనికి ఊపిరుంది."
ఇంకోటి. "దీనికి లేదు." పక్కన పెట్టింది.
అబద్ధం చెప్పొచ్చుగా పిల్లా, అనుకున్నాను. చెప్పలేదు.
మ్యాగ్మర్ తన టోపీ తీసి కొట్టం చేశాడు.
చివర్న ఇడెర్ లెక్కపెట్టాడు, పైకే, బొంగురుగా,
"...ఏడు, ఎనిమిది."

సాయంత్రం ఫారంలో 'నేటి పాఠం' దగ్గర
టీచర్ చాలాసేపు ఖాళీగా ఉంచి
'లెక్కలు, ఎనిమిది వరకు' అని రాసింది.

మర్నాడు వాడు నా పక్కన నిలబడ్డాడు, పొయ్యంత ఎత్తు.
"ఆ కుండలో కాలుందా?"
గరిటెతో అడుగంటా దేవాను. దొరికింది.
పీచు గీకి, తుడిచి, ఇంకా పొగలు పోతుంటేనే ఇచ్చాను.
మందలో కలపలేదు.
"ఇప్పుడే పుట్టింది," అన్నాడు.
అంగీ చేతిలోకి దూర్చుకుని
ఆ మధ్యాహ్నమంతా ఒంటిచేత్తో తిన్నాడు,
ఒంటిచేత్తోనే ఆడాడు.