చప్పుడు లేని డబ్బా

పెండ్లి ఆర్డర్ల నోటుబుక్కు ఆఖరి పేజీల గీసుకున్న:
ఈడ పంపు, ఈడ రేడియేటర్,
రెండు పెద్ద ఫ్యాన్లు, మెల్లగ తిరిగేటియి.
ఇప్పుడున్న డబ్బా పిండిగిర్నీ లెక్క మొత్తుకుంటది.
పగలు ఎడిటింగ్, పొద్దుగూకినంక నా ఆట.
నైట్ డ్యూటీ దిగి పండుకున్న స్వరూప
నిద్రలనే చెవి మీద చెయ్యి పెట్టుకుంటది.

మర్రిగూడ బోరు నీళ్లు దీనికి పడయి,
పైపుల్ల సున్నం కడతది.
బ్యాటరీల జహంగీరన్న
ఐదు లీటర్ల క్యాను ముందర పెట్టి
"ఇన్వర్టర్‌కా?" అన్నడు.
"కంప్యూటర్‌కు తాపాలె."
నవ్విండు. నేను గూడ నవ్విన,
పెదవులు ఇడవకుంట.

నా పండ్ల మీది గోధుమ చారలు
బడికాడి బోరింగు రాసిన రాత.
దోసిలి పట్టినప్పుడు
ఆ నీళ్లల్ల ఏమున్నదో ఎవలు చూసిన్రు?
ఇయ్యాల క్యాను మీది అచ్చరాలు
మూడుసార్లు చదివిన.

ఇంక పద్దెనిమిది వేలు తక్కువ.
శ్రావణం ముహూర్తాలు రావాలె.
అందాక కాగితం మీదనే
నీలం పెన్ను నీళ్లు తిరుగుతున్నయి.

మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది.
ఫ్యాన్లు, డబ్బా, అన్నీ ఒక్కసారే ఆగినయి.
స్వరూప దిగ్గున లేచి కూసున్నది:
"ఏమైంది?"