మూడు గుర్తుల గెడ

పాటు మొదలైంది.
అల్ రమ్స్ ఖోరు తన జేబులు తిరగేసి చూపిస్తోంది:
రెండు లారీ టైర్లు,
ఎవరిదో బాత్రూము తలుపు,
తుప్పుపట్టిన గర్గూర్ బుట్ట,
అందులో ఇంకా బతికున్న ఒక పీత.

వీళ్ళు దీన్ని ఖోరంటారు.
మా భైరవపాలెంలో అయితే పాయ.
బురద వాసన మాత్రం ఒకటే.
నూరుల్ ముక్కుకి తువ్వాలు కట్టుకున్నాడు.
నేను గట్టిగా పీల్చుకున్నాను,
ఎవరూ చూడకుండా.

ఖల్ఫాన్ ముసలాయన పడవ అంచున కూర్చుని
చేత్తో గాలిలో గీత గీస్తాడు:
బురుజుకి ఎడమగా, అక్కడ ఒంపు, తర్వాత తిన్నగా.
అరవై ఏళ్ళ కిందట వాళ్ళ నాన్న
ఎండుచేపలేసుకుని వచ్చిన దారి.
ఆయన కళ్ళలో అక్కడ ఇంకా
రెండు బారల నీళ్ళున్నాయి.

గెడ దింపాను.
ఎర్ర రంగుతో నేనే వేసిన మూడు గుర్తులు:
మోకాలు, నడుము, మెడ.
మోకాలు దగ్గరే మెత్తగా ఆగిపోయింది.
పైకి లాగితే మొనకి నల్లటి గుజ్జు,
గోరంత గవ్వ.
"లేదు బాబా, ఇక్కడ లేదు" అన్నాను
నాకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో.
ఆయన గెడని చూశాడు, నన్ను చూశాడు,
సముద్రాన్ని తప్ప అందర్నీ అనుమానించాడు.

మూడు రోజులు మాటల్లేవు.
మనవడితో చాయ్ ఫ్లాస్కు మాత్రం పంపాడు.

నాలుగో రోజు అమావాస్య.
పాటు దిగేటప్పుడు నీళ్ళకి పరుగెక్కువ.
నురుగు ఎటు బారు తీరుతుందో,
కొయ్యింగలు ఎక్కడ ఎగిరిపడతాయో
అక్కడే లోతు.
ఇది మా మేనత్త సింహాద్రమ్మ చదువు.
గవ్వలేరడానికి మడల్లోకి పోయేటప్పుడు
దోనె నడిపేది ఆవిడే,
నోట్లో చుట్ట, చేతిలో గెడ,
నీళ్ళని తిట్టుకుంటూ.

నురుగు కుడికి పోయింది.
బురుజుని వదిలేసి, తెల్లమడ చెట్ల కింద నుంచి,
ఎవరికీ చెప్పకుండా.
ఏరు చచ్చిపోలేదు బాబా,
ఇల్లు మారింది.
ఈ మాట అరబ్బీలో చెప్పడం నాకు రాలేదు.
చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి
గెడ ఆయన చేతికే ఇచ్చాను.
నడుము గుర్తు దాటి మునిగింది.
ఆయన తలపాగా విప్పి, మళ్ళీ చుట్టుకున్నాడు.

ఇక పని.
యంత్రం లోపలికి రాదు, రానివ్వరు,
మడ వేరు తెగితే జరిమానా అని బల్దియా కాగితం.
కాగితం లేకపోయినా నేను తెంచను,
బురదలోంచి పొడుచుకొచ్చి
ఊపిరి తీసుకుంటున్నదాన్ని ఎలా తెంచను?
పారతో తోడి, గంపతో మోసి,
పోటొస్తే గట్టెక్కి, పాటైతే దిగి,
ఒక పడవ పట్టేంత వెడల్పు, అంతే.
గడియారం చూడటం మానేశాం.
కూలి లెక్క రాసే కుంజుమోన్‌కి తల తిరిగిపోయింది:
ఈ రోజు మూడున్నరకి, రేపు నాలుగుంపావుకి,
ఇదేం డ్యూటీ, చంద్రుడు మీ ఫోర్‌మనా?

దారి పొడుగునా ఖర్జూర మట్టలు పాతాం.
నూరుల్ పాత లుంగీ చింపి కట్టాడు:
లోపలికొచ్చేటప్పుడు నీలం గుడ్డ కుడిచేతికి.
కార్నిష్‌లో నడిచేవాళ్ళు ఆగి ఫోటోలు తీశారు,
ఏదో పండగనుకుని.

రెండు అమావాస్యలు పోయాయి. మూడోదానికి
ఖర్జూర మట్టలతోనే కట్టిన షాషా దించాడు ఖల్ఫాన్,
పడవలోకి నీళ్ళొస్తాయి, పోతాయి, మునగదు.
ముందు మనవడు, మధ్యలో ఆయన,
వెనక గెడతో నేను.
బురుజు దగ్గరికి రాగానే
ముసలి చెయ్యి ఎడమకి లేచింది.
నేను కుడికి తిప్పాను.
ఆ చెయ్యి గాలిలో అలాగే ఉండి ఉండి
మెల్లగా కిందికొచ్చి
నీళ్ళలో వేళ్ళు ముంచింది.

మడ చెట్ల నీడలో గెడ మెడ దాకా దిగింది.
కేకేశాను, తెలుగులోనే.
అర్థం ఎవరూ అడగలేదు.

మొగ దగ్గర మాత్రం
గెడ మొనకి ఏదో తగిలి ఎగిరింది,
మెత్తగా, మొండిగా, రబ్బరులా.
ఇంకో టైరు.
రేపు పాటు అయిదుంపావుకి.