చప్పుడు ఆగితే

విడవలూరులో కంటి క్యాంపు పెట్టినారు.
మస్తానయ్య ముక్కు మీద అద్దాలు నిలిపి
"చూపుంటే అన్నీ ఉన్నట్టే పెద్దాయనా" అన్నాడు డాక్టరు.
ఔనౌనని తలూపి, అద్దాలు జేబులో వేసుకుని
రొయ్యల గుంట మీదికి వచ్చేశాడు.

రాత్రి పూట గుంట కాడ చూసేదేముంది?
నీళ్లదీ ఆకాశానిదీ ఒకటే నలుపు.
ఆరు ఫ్యాన్లు నీళ్లు చిలుకుతుంటే
ఆ రొదలో పసిబిడ్డలా నిద్రపోతాడు.
కాపలాకి కొత్తగా వచ్చిన సుభానీ
మొదట్లో మూడు రాత్రులు కన్నుమూయలేదు.
ఇప్పుడు ఇంటికి పోతే
ఆ నిశ్శబ్దంలో నిద్ర పట్టడంలేదంటాడు.

ఆ రాత్రే, రెండు దాటినాక, కరెంటు పోయింది.

లోకం చప్పుడైతే లేస్తుంది,
మస్తానయ్య చప్పుడు ఆగితే లేస్తాడు.
చెప్పుల్లేవు, టార్చి లేదు, కట్ట మీద పరుగు.
జనరేటరు హ్యాండిలు చేతికి తగిలినాక గానీ
కళ్లు తెరిచినట్టు గుర్తులేదు.

తెల్లారి మూడో గుంటలో దిగి
అడుగు బురద పిడికెడు తీసి వాసన చూశాడు.
కుళ్లిన గుడ్డు కంపు లేదు. బతికినాం.
ట్రే ఎత్తి ఒక రొయ్యని అరచేతిలోకి తీసుకుంటే
చిటుక్కున ఎగిరి నీళ్లలో పడింది.
పెంకు గట్టిగానే ఉంది.

అప్పుడు కట్ట మీద కూర్చుని
ఎందుకో జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకున్నాడు.
మొట్టమొదట కనపడింది తన పాదాలే.
అబ్బ, ఎన్ని సర్కారుతుమ్మ ముళ్లు!
ఒకటీ రెండూ అని లెక్కపెడుతుంటే
మెల్లగా
నొప్పి మొదలైంది.