వడ్డీకి పుట్టిన వడ్డీ

జులై ఆఖరు వారం.
నల్లగొండ గడియారం సెంటర్ల ఇరుకు మెట్లెక్కి
ఖదీర్ సారు ఆఫీసుకు వోయినం.
రెండు ఆధార్లు, రెండు పాన్ కార్డులు,
బట్టల దుకాణం సంచిల బ్యాంకు కాయితాలు.

మా ఆయన సైదులు, కరెంటాఫీసుల లైన్‌మెన్.
ఏరియర్స్ వడ్డ నాడు
ఆరు లక్షలు నా పేరు మీద ఫిక్సుడు ఏసిండు.
"ఇవి నీయే అండాలూ" అన్నడు.
అచ్చుల నా పేరు మూడుసార్లు చదువుకొని
ఆ కాయితాన్ని చీరె మడతల వెట్టిన.

ఏడాది తిరిగేసరికి వడ్డీ నలభై రెండు వేలు.
అండ్లకెల్లి నాలుగువేల రెండొందలు
బ్యాంకోళ్లు ముందుగాలనే పట్టుకున్నరు.
"నీకేం జీతమా గీతమా, ఫారం నింపు,
మొత్తం వాపసొస్తది" అన్నది పక్కింటి టీచరమ్మ.
వాపసు రాకముందే ఖర్చు వెట్టేసిన మనసుల:
కుట్టుమిషన్‌కు మోటరు.

ఖదీర్ సారు అద్దాలు నెత్తి మీదికి జరిపి
పైసలెక్కడియమ్మా అని అడిగిండు.
ఆయనియ్యే అన్న.
అయితే వడ్డీ గూడ ఆయనదే అన్నడు.
ప్రతిఫలం లేకుండ భార్యకిచ్చిన సొమ్ముకు
ఏది పుట్టినా
మొగని లెక్కల్నే కల్వాల్నంట.

ఆయనకు రావాల్సిన పదకొండు వేలు
కీబోర్డు టకటకల నడుమ
ఆరువేల నాలుగొందల అరువైకి దిగింది.
సైదులు నా దిక్కు చూడలే,
గోడ మీది క్యాలెండర్ల అమాస ఎప్పుడో వెతుకుతున్నడు.
నేనే ఏదో పగలగొట్టినట్టు సిగ్గయింది.
ఎనుకనే కోపమొచ్చింది, ఎవరి మీదనో తెల్వది.

ప్రతిఫలం లేకుండ.

నకిరేకల్ రోడ్డు మీద స్తంభం మీదికెళ్లి పడ్డప్పుడు
ఆయన పర్మినెంటు గాదు. జీతం బందు.
పద్దెనిమిది నెలలు మంచం.
చీరె ఫాలుకు పదిహేను, లైనింగ్ జాకెట్టుకు అరువై,
రాత్రి రెండు దాకా కుట్టి
పొద్దుగాల ఆయన వీపుకు నూనె రాసి
బియ్యం, మందులు, పిల్ల ఫీజు...
సారూ, గిది ఏ డబ్బల రాయాలె అని అడుగుదామనుకున్న.
మా ఎనుక ఇంకా ఏడుగురు కూసున్నరు.
అడగలే.

"జాకెట్ల పైసలు మాత్రం నీయేనమ్మా,
చేతిపని గద, అండ్ల ఆయన లెక్క కల్వది" అన్నడు సారు.
ఏడాదికి తొంభై వేలు.
దాని మీద పన్నే లేదు.
పన్ను లేని సొమ్ము ఎవలదైతే ఎవలకేంది!

లేసి చెప్పులేసుకుంటుంటే ఇంకోమాట జెప్పిండు.
ఈ వడ్డీని ముట్టకుండ మల్లా ఏస్తే
వచ్చేయేడు ఆ వడ్డీకి పుట్టే వడ్డీ నాదంట.
బిడ్డ ఆయన లెక్క, మనుమరాలు నా లెక్క.
"ఎంతైతది సారూ?"
రశీదు ఎనుక రాసిచ్చిండు:
మూడు వేలకు జర తక్కువ.

కింద మిర్చిబండి కాడ
సైదులు అప్పుడు నోరు తెరిచిండు:
"నేను నీకిచ్చిననే అనుకున్న."
"నేను గూడ" అన్న.
ఒక్క పొట్లం ఇద్దరం తిన్నం.
పైసలు నేనే ఇచ్చిన, చిల్లర నా దగ్గర్నే ఉండె.

ఆగస్టుల ఒక రాత్రి గాలివాన.
లతీఫ్ సాబ్ గుట్ట దిక్కు మొత్తం చీకటి.
ఆయన ఏ స్తంభం మీదున్నడో,
ఫోను ఇంట్లనే మరిచిపోయిండు.
అది ఒక్కపారి మోగింది: రిఫండు వడ్డది.
ఆరువేల నాలుగొందల అరువై.
చదివి, తడి తగలకుండ
సజ్జ మీద బోర్లిచ్చిన.

పొద్దుగాల్లకు పెండ్లి జాకెట్టు ఇయ్యాలె.
కరెంటు ఎప్పుడొస్తదో ఆయనకే తెల్వాలె.
మోటరు సంగతి వచ్చేయేడు.
మైనంవత్తి ముట్టిచ్చి
కాళ్లతోని తొక్కుతున్న.